నైవిలి రోడ్డుకు ఎన్ని మార్కులు

సువా,
మార్చి 4.

ఇసికేలీ,

సముద్రానికి అవతల మీ లొవోనిలో గుట్టెక్కితే గానీ ఫోను మోగదు కాబట్టి కాగితం తీశాను. మీ అన్నయ్య పోయిన ఈ రెండేళ్లలో నీకు రాయడం ఇది మూడోసారి అనుకుంటా. ఈసారి మంచి కబురే. నాకు మునిసిపాలిటీలో ఉద్యోగం దొరికింది. మూడు నెలలదే. ఏం పనో చెబితే నవ్వుతావు. నడవడం!

నిజంగానే. ఊళ్లో ఏ రోడ్డు నడిచేవాళ్లకి ఎంత అనువుగా ఉందో చూసి మార్కులు వెయ్యాలి. ఫుట్‌పాత్ ఉందా, ఉంటే ఎంత వెడల్పు, మధ్యలో స్తంభాలేమైనా అడ్డమా, కాలువకి మూత ఉందా, నీడ ఉందా, దీపాలు వెలుగుతున్నాయా, ముసలివాళ్లు కూర్చోడానికి ఒక అరుగైనా ఉందా, అక్కడ ఎవరైనా వాహనం తగిలి దెబ్బతిన్నారా. అన్నీ కలిపి నూటికి. మార్కులు బాగా తక్కువ వచ్చిన రెండు రోడ్లకి ఈ ఏడు ఫుట్‌పాత్ వేస్తారట. నాకిచ్చినవి ఇరవై రెండు రోడ్లు.

కర్రకి చక్రం బిగించిన కొలత సాధనం ఒకటి ఇచ్చారు. దాన్ని తోసుకుంటూ మార్కెట్ పక్కనుంచి వెళ్తుంటే దాలో దుంపలమ్మే ఆడవాళ్లు, "ఏమ్మోయ్, బండి ఉంది, అందులో బిడ్డేదీ?" అని ఒకటే నవ్వు. మా పై అధికారిణి రోషిలా మేడం నాకన్నా పదేళ్లు చిన్నది. అంకె కొంచెం వంకరగా వేసినా, "ఉనైసీ, ఇది ఒకటా, ఏడా?" అని వెనక్కి పంపిస్తుంది.

నువ్వు ఆరేళ్లు ఈ రోడ్ల మీద బస్సు తోలావు కదా. పేర్ల జాబితా ఇందులో పెట్టాను. ఏ రోడ్డు సంగతి ఏమిటో నీకు తెలిసినంత రాసి పంపు. నా కాళ్లకి కొంత పుణ్యం కట్టుకో.

వదిన,
ఉనైసి.

లొవోని,
మార్చి 21.

వదినా,

నీ ఉత్తరం నా ట్రక్కులోనే వచ్చింది. లెవుకా పోస్టాఫీసులో సంచీ ఎక్కించుకుని, గుట్టెక్కి, మా ఊళ్లో దించాక గానీ అందులో నాకొకటి ఉందని తెలియలేదు.

అన్నయ్య ఉండి ఉంటే, "మా ఆవిడకి నడిచినందుకు జీతమిస్తున్నారు, కూర్చున్నందుకు నాకెవరిస్తారు?" అనేవాడు. బాగుంది వదినా. ఇంట్లో కూర్చుని గోడల్ని చూడ్డం కన్నా ఇది నయం.

ఇక నీ రోడ్లు. డ్రైవరు సీట్లోంచి చూస్తే నడిచేవాళ్ల వీపులే కనిపిస్తాయి, కాబట్టి నాకు తెలిసింది సగమే. ఆస్పత్రి ఎక్కుడు రోడ్డులో ఫుట్‌పాత్ ఉంది గానీ, దాని మీద ఎప్పుడూ కార్లే నిలబడి ఉంటాయి. రోగులు రోడ్డు మీద, కార్లు ఫుట్‌పాత్ మీద. చర్చి మలుపులో ఆదివారం వెళ్లకు, అందరూ తెల్ల సులూలు కట్టుకుని రోడ్డు నిండా ఉంటారు, దానికి నూటికి నూరు వేసేస్తావు. మంగళవారం వెళ్లు. మారామా కొండ మీద పెద్దిళ్లవాళ్లు నడవరు, వాళ్ల కుక్కలు నడుస్తాయి. పాత వంతెన దగ్గర కాలువ మూతల్ని ఎవరో ఎత్తుకుపోయి పందుల దొడ్డికి గోడ కట్టుకున్నారు, ఎవరో నాకు తెలుసు, చెప్పను. మిగతావాటి గురించి వెనక పేజీలో ఒక్కొక్కదానికి రెండు ముక్కలు రాశాను.

నా బండి బాగానే ఉంది. పొద్దున బడిపిల్లలు, పాస్టరుగారు, దాలో బస్తాలు. సాయంత్రం పాస్టరుగారు, బడిపిల్లలు, పిండి బస్తాలు. మా దారిన నడిచేవాళ్లు ముగ్గురు. ముగ్గురినీ పేరు పెట్టి పిలిచి ఎక్కించుకుంటాను.

నీ మరిది,
ఇసికేలి.

సువా,
ఏప్రిల్ 15.

ఇసికేలీ,

వినాకా, నీ మేలు మరవను. నీ రెండు ముక్కలు నాకు చాలా రోజుల నడక తప్పించాయి. రోషిలా మేడం కూడా చదివి, "మీ మరిదిని ఉద్యోగంలో పెట్టుకుందామా?" అంది.

అయితే ఒకటి అడగాలి. నేను పంపినవి ఇరవై రెండు పేర్లు. నువ్వు రాసింది ఇరవై ఒక్క రోడ్ల గురించి. నైవిలి రోడ్డు మర్చిపోయావు. నువ్వు రోజూ తిరిగిన రోడ్డే అది.

పోనీలే, నేనే వెళ్లాను. కింద ఇళ్ల దగ్గర్నుంచి పైన బడి గేటు దాకా ఆరువందల నలభై మీటర్లు. ఒక పక్క కొండ కోసిన గోడ, ఇంకో పక్క నా మొల లోతు కాలువ, మూత లేదు. మధ్యలో రెండు బస్సులు ఒరుసుకుని పోయేంత రోడ్డు. మనిషికి చోటేదీ? కాలువ గట్టు ఒక జానెడు. వర్షంలో అదీ ఉండదు.

అక్కడ కెలేరా మామ్మ అని ఒకావిడ పరిచయమైంది. బడి గేటు దగ్గర కొబ్బరిపాల బన్నులు అమ్ముతుంది. తుంటి విరిగి అతికిందట, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. నేను చక్రం తోసుకుంటూ వెళ్తుంటే, "నీ బండి నాకియ్యి, నా కర్ర నువ్వు తీసుకో, ఎవరు ముందెళ్తారో చూద్దాం" అంది. తుంటి ఎలా విరిగిందమ్మా అంటే, "జారి పడ్డాను" అని నవ్వేసి ఒక బన్ను చేతిలో పెట్టింది.

నైవిలికి వచ్చింది ముప్ఫై ఒకటి. దానికన్నా తక్కువ వచ్చినవి రెండున్నాయి, ఇరవై ఏడు, ఇరవై తొమ్మిది. అంటే నైవిలి మూడోది. ఆ రెండు రోడ్లలోనూ దెబ్బతిన్నవాళ్ల లెక్క పోలీసు పుస్తకంలో ఉంది, ఒక్కో మనిషికి మూడేసి మార్కులు తగ్గాయి. నైవిలి గడిలో మాత్రం సున్నా. ఆ రోడ్డు మీద నిలబడి చూసినవాళ్లెవరూ ఆ సున్నా నమ్మరు. నీ ఆరేళ్లలో అక్కడ ఎవరికీ ఏమీ కాలేదా? గుర్తు చేసుకుని రాయి.

ఉనైసి.

లొవోని,
ఏప్రిల్ 29.

వదినా,

నాకేమీ గుర్తులేదు. బస్సు తోలేవాడికి అన్ని రోడ్లూ ఒకటే. పుస్తకంలో సున్నా ఉంటే సున్నా వెయ్యి. నీ పని కొలవడం వరకే కదా, ముసలివాళ్లని ఆపి పాత సంగతులు అడగడం ఎందుకు?

దాలో ఒక బస్తా పడవలో వేశాను. శుక్రవారం రేవులో తీసుకో.

ఇసికేలి.

సువా,
మే 9.

ఇసికేలీ,

దాలో అందింది. దుంపలు మంచివి. ఉత్తరం నీది కాదనిపించింది.

మొన్న నైవిలి రోడ్డులో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాను. మూడువందల పన్నెండు మంది నడిచారు. అందులో బస్సుకి దారిస్తూ కాలువ గట్టెక్కినవాళ్లు రెండువందల అరవై. బడిపిల్లలైతే చెప్పులు చేత్తో పట్టుకుని తయారుగా ఉంటారు.

లెక్క అయ్యాక కెలేరా మామ్మ పక్కన కూర్చున్నాను. మాటల్లో నా ఇంటిపేరు అడిగింది, చెప్పాను. "వైసాలె భార్యవా? ఎంత పెద్దమనిషి! మా ఇంటికొచ్చి ఆ చాప మీద తల వంచుకుని కూర్చున్నాడు. తంబువా రెండు చేతులా పట్టుకుని మా ముందు పెట్టాడు. పోయాడని విని ఏడ్చానమ్మా" అంది. అనేసి, నాకేమీ తెలియదని నా మొహం చూసి గ్రహించింది. గభాలున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బన్నుల బుట్ట సర్దుకోవడం మొదలుపెట్టింది.

తంబువా, ఆ తిమింగలం పన్ను, ముందు పెట్టి తల వంచారంటే తప్పు ఒప్పుకుని క్షమించమనడానికేనని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నా భర్త ఎవరి తప్పుకి ఆ చాప మీద తల వంచాడు? ఆమెను నేను అడగలేదు. నిన్నే అడుగుతున్నాను.

ఉనైసి.

లొవోని,
మే 20.

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది, ఎలా ఉన్నా పంపేస్తాను.

కెలేరా మామ్మ నాకు మొదట్నుంచీ తెలుసు. రోజూ సాయంత్రం బుట్ట పట్టుకుని నైవిలి మలుపు దగ్గర కిందికి దిగుతూ కనిపించేది. నేను హారన్ కొట్టేవాణ్ణి. ఆమె గట్టు మీదికి ఒక కాలు వేసి పక్కకి ఒరిగేది. నేను చెయ్యి ఊపేవాణ్ణి, ఆమె కూడా ఊపేది. దాన్ని స్నేహమనుకున్నాను. ఒక ముసలావిణ్ణి రోజూ కాలువలోకి తోస్తున్నానని నాకు తట్టనే లేదు.

నాలుగేళ్ల క్రితం అక్టోబరులో ఒకరోజు పెద్ద వాన. ప్రయాణికులు అందరూ దిగిపోయారు, బండి షెడ్డుకి తీసుకెళ్తున్నాను. ఆలస్యమైంది. మలుపు దగ్గర ఆమె కనిపించింది. కాలువ పొంగి రోడ్డు మీదికి పారుతోంది, గట్టెక్కడో, కాలువెక్కడో తెలియదు. హారన్ కొట్టాను. ఆమె కదల్లేదు. కదులుతుందిలే అనుకున్నాను. ఆ "లే" ఉంది చూశావూ, నాలుగేళ్లుగా దాన్నే మోస్తున్నాను. బ్రేకు మీద కాలు పెట్టలేదు వదినా. పక్క అద్దం ఆమె భుజానికి తగిలింది. కాలువలో పడింది.

నేనే దిగి ఎత్తుకున్నాను. ఖాళీ బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారిలో ఆవిడ, "బన్నులు తడిసిపోయాయి బాబూ" అంది. నర్సు ఏమైందని అడిగితే, నేను నోరు తెరిచేలోపే, "జారి పడ్డాను" అంది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ రాత్రి అన్నయ్యకి చెప్పాను. "నువ్వు కంగారుపడకు, నేను చూసుకుంటాను" అన్నాడు. వారం తిరిగేసరికి నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. మాట్లాడింది ఆయనే. నేను వెనక కూర్చున్నాను. కెలేరా మామ్మ కొడుకు తంబువా అందుకున్నాడు. నన్ను లేపి కౌగిలించుకున్నాడు. అందరం కలిసి రాజీకి గుర్తుగా యంగోనా తాగాం. "ఇది ఇక్కడితో అయిపోయింది, ఈ మాట ఇంక ఎవరూ ఎత్తొద్దు" అన్నాడు ఆ కొడుకు. అన్నయ్య నీకు చెప్పకపోవడానికి కారణం అదే. నిన్ను నమ్మక కాదు.

వాళ్లు మనస్ఫూర్తిగానే క్షమించారు. నాకే ఆ ఊళ్లో బస్సు తోలే ధైర్యం లేకపోయింది.

నీ గడిలో సున్నా నా వల్ల పడింది. నా పేరు రాసెయ్యి.

ఇసికేలి.

సువా,
మే 27.

ఇసికేలీ,

ముందు నీ మీద కోపం రాలేదు. పోయిన మనిషి మీద వచ్చింది. పోయినవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను. పద్దెనిమిదేళ్లు ఒక పక్క మీద పడుకున్నాం. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని నా పక్కన ఎలా నిద్రపోయాడు? ఆ అక్టోబరులో ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నా వంట బాగాలేదేమోనని నేను రోజూ కూర మారుస్తూ వచ్చాను.

ఇప్పుడు పని సంగతి. ఎవరి పేరూ చెప్పకుండా రోషిలా మేడంని అడిగాను. పోలీసు పుస్తకంలో నమోదైతేనే ఆ గడిలో అంకె వెయ్యాలట. అంటే నువ్వు పోలీసులకి చెప్పాలి. చెబితే కోర్టు. కోర్టు అంటే నీ లైసెన్సు. లైసెన్సు పోతే మీ ఊరి ట్రక్కు పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అయిపోయిందని పెద్దల ముందు అనుకున్న మాట మళ్లీ ఎత్తితే వాళ్ల క్షమాపణని వెనక్కి విసిరినట్టు కాదా? వాళ్ల అనుమతి లేకుండా నేను ఒక్క అక్షరం రాయను.

నీ పేరు కూడా రాయను. అది నువ్వు రాయాల్సింది.

కాగితాలు జూన్ 11న ఇచ్చెయ్యాలి.

ఉనైసి.

సువా,
జూన్ 5.

ఇసికేలీ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. నిన్నేమీ అనను. ట్రక్కు లేకపోతే మీ ఊరి పిల్లలు బడికెలా వెళ్తారన్నది కూడా ఆలోచించాను.

నిన్న వానలో నైవిలి వెళ్లాను. ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకుని, రెండోదాన్ని చెయ్యి పట్టుకుని, కాలువ గట్టు మీద బస్సు పోయేదాకా ఒంటికాలి మీద నిలబడింది. ఇంటికొచ్చి మార్కుల కాగితం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను.

నువ్వు ఇక రాయనక్కర్లేదు. నేను చూసుకుంటాను.

ఉనైసి.

సువా, నీ వంటింట్లో,
జూన్ 10, మధ్యాహ్నం.

వదినా,

నువ్వు పనిలో ఉన్నావని పక్కింటావిడ తాళంచెవి ఇచ్చింది. మూడింటికి పడవ, అందుకే రాసి పెట్టి వెళ్తున్నాను. నీ కుండలో తవియోకా దుంపలు ఉంటే తిన్నాను.

సోమవారం నీ ఉత్తరం అందింది. "నేను చూసుకుంటాను" అన్నావు. అన్నయ్య కూడా అదే మాట అన్నాడు. ఆ మాట నాకు ఇంకోసారి వద్దు వదినా. మర్నాడు పొద్దున్నే మా తమ్ముడి వరసవాడికి ట్రక్కు తాళాలిచ్చి పడవెక్కాను.

ముందు కెలేరా మామ్మ ఇంటికే వెళ్లాను. ఈసారి నా తరఫున మాట్లాడేవాళ్లు లేరు. చాప మీద కూర్చుని నేనే చెప్పాను: మీరు మూసిన తలుపు తెరవడానికి రాలేదు, రోడ్డు గురించి వచ్చాను, పోలీసుల దగ్గర చెప్పుకుంటాను, మీరు వద్దంటే ఇలాగే వెళ్లిపోతాను అని. కొడుక్కి కోపం వచ్చింది. "మా అమ్మ మాట పోలీసుల ముందు అబద్ధం అవ్వాలా? మేం క్షమించింది నీకు చాలలేదా?" అన్నాడు.

కెలేరా మామ్మే అతన్ని ఆపింది. "నువ్వు ఊరుకోరా. మనం క్షమించింది ఈ అబ్బాయిని. ఆ కాలువని క్షమించామని ఎవరన్నారు?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నాలుగేళ్లు ఎక్కడికి పోయావు? రోజూ చెయ్యి ఊపేవాడివి, ఆపేశావేం?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమెతో పాటు బుట్ట పట్టుకుని బడి దాకా నడిచాను. బస్సులో నాకు రెండు నిమిషాలు పట్టే దారి, నలభై నిమిషాలు పట్టింది. ఏడు బస్సులు వచ్చాయి. ఏడుసార్లు గట్టెక్కాం. నాలుగోసారికే నేను కూడా చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. ఆవిడ మాత్రం, "ఎత్తుగా ఉన్నవాడివి, బస్సు వైపు నువ్వు నడువు" అని నన్ను అటు పెట్టింది.

తర్వాత పోలీసు పోస్టుకి వెళ్లాం. కొడుకే తన కారులో తీసుకెళ్లాడు, దిగేటప్పుడు చెయ్యి కలిపాడు. కేసు నంబరు ఈ ఉత్తరం కింద పెట్టాను. కోర్టు ఆగస్టులో.

అన్నయ్య మీద కోపం వద్దు. తిట్టాల్సి వస్తే నన్ను తిట్టు, బతికే ఉన్నాను.

ఇసికేలి.

సువా,
సెప్టెంబరు 18.

ఇసికేలీ,

కోర్టు దగ్గర జనంలో నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. తొమ్మిది నెలలు లైసెన్సు లేకుండా ఉండడం కష్టమే. దాలో తోట పని మొదలుపెట్టావని పాస్టరుగారు ఎవరితోనో కబురు పంపారు. వెన్ను జాగ్రత్త.

నైవిలిలో పని మొదలైంది. కాలువ మీద పలకలు పరిచి దాని మీదే ఫుట్‌పాత్ వేస్తున్నారు. మలుపు దాకా వచ్చింది. కెలేరా మామ్మకి అప్పుడే ఫిర్యాదు ఉంది. "వేసింది అటు పక్క, మా ఇల్లు ఇటు పక్క. అటు దాటడానికి తెల్లచారలు ఎవరు గీస్తారు? నీ మేడంని పిలువు" అంటోంది. నేను నిజంగానే రోషిలా మేడంని తీసుకెళ్లాను. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి అరగంట వాదించుకున్నారు. మామ్మే గెలిచింది. నాకు ఇంకో ఆరు నెలలు పని పొడిగించారు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు చెప్పాల్సింది చెప్పేశావు కాబట్టి, నేను దాచుకుంటే బాగుండదు.

నువ్వు వచ్చే ముందు, ఆ వానరోజు సాయంత్రం, నేను నైవిలి మార్కులు మార్చాను. నీడకి ఆరు వేసినదాన్ని చెరిపి మూడు చేశాను. ముప్ఫై ఒకటి ఇరవై ఎనిమిదైంది, నైవిలి రెండో స్థానంలోకి వచ్చింది. అంతే, అంత సులువు. ఆ కొండగోడ మీద మామిడిచెట్లు ఎంత నీడనిస్తాయో నాకు తెలుసు. మంచి పనే చేస్తున్నానని అనుకున్నాను. ఇరవై తొమ్మిది వచ్చిన ఆ ఇంకో రోడ్డులో కూడా ఎవరో ఒకరు నడుస్తారని ఆ పూట నాకు గుర్తు రాలేదు.

పదో తారీఖు సాయంత్రం ఇంటికొచ్చి నీ ఉత్తరం చదివాను. కేసు నంబరు చూశాను. ఖాళీ కుండ చూశాను. కాగితం తీసి, మూడు చెరిపి మళ్లీ ఆరు చేసి, సున్నా ఉన్న గడిలో ఒకటి వేశాను. ఆ ఒక్క మనిషికి మూడు పోగా మళ్లీ అదే ఇరవై ఎనిమిది.

మర్నాడు రోషిలా మేడం కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "ఇక్కడ రెండుసార్లు చెరిపావేం ఉనైసీ?" అంది.

"మొదట సరిగ్గానే వేశాను మేడం. మధ్యలో తప్పు వేశాను. మళ్లీ దిద్దుకున్నాను."

కూడిక ఇంకోసారి సరిచూసుకుని సంతకం పెట్టింది.

నువ్వు ఆ రోజు రాకపోయి ఉంటే అదే అంకె, అదే ఫుట్‌పాత్. రోడ్డుకి తేడా తెలిసేది కాదు. నాకు తెలిసేది. రోజూ ఆ పలకల మీద నడుస్తూ కెలేరా మామ్మ ఇచ్చే బన్ను తినాల్సి వచ్చేది.

ఇది నీ ఒక్కడికే రాస్తున్నాను. చదివాక ఏం అనుకున్నావో, మంచైనా చెడైనా, రాయి.

వదిన,
ఉనైసి.